ఒక వరుస వెనక్కి

గుడివాడ పెళ్ళిలో పెళ్ళికూతురి జడ బ్రహ్మాండంగా వచ్చింది. మల్లెమొగ్గలు, మధ్య మధ్య కనకాంబరాలు, చెవి వెనక నుంచి పోయిన మాటీల గొలుసు, అన్నీ విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. ఎటొచ్చీ జడకు ముందున్న మొహమే మసగ్గా ఉంది.

ఒకటీ రెండూ కాదు, ఆ పిల్ల మొహాన్ని దగ్గరగా తీసిన ప్రతి ఫొటో అంతే. ఆల్బమ్‌కి ఫొటోలు ఎంచడానికి వాళ్ళమ్మ బందరులో మా స్టూడియోకి వచ్చింది. రెండు గంటలు ఓపిగ్గా చూసి, లేచేటప్పుడు "జడ బాగా వచ్చిందండీ" అని మాత్రం అంది. మర్యాదస్తురాలు. ఆవిడ నన్ను నాలుగు మాటలు అని ఉంటే అంత బాధపడేదాన్ని కాదు.

నాకు కోపం ముక్కు మీదుంటుందని ఇంట్లోనూ బజార్లోనూ అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం కోపం రాలేదు, భయం వేసింది. ఆ భయం నాకు కొత్తది కాదు. అది మా నాన్న దగ్గర నుంచి స్టూడియోతో పాటు వచ్చింది.

మా నాన్న పెళ్ళిళ్ళు తీసేది రీళ్ళ కెమెరాతో. లెన్సు చేత్తో తిప్పుకుంటూ, మొహం తేటగా కనపడగానే మీట నొక్కాలి. అలా పాతికేళ్ళు తీశాడు. చివరి ఏడాది తీసిన పెళ్ళిళ్ళలో మాత్రం మొహాలు మసకబారాయి. ఆయనకి చూపు తగ్గుతోందని మాకెవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. ఒక రోజు పొద్దున్నే కెమెరా తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఇక నువ్వు చూడవే" అన్నాడు, అంతే. నాకప్పుడు ఇరవై అయిదేళ్ళు. ఆయన పోయాక ఆ ఏడాది నెగెటివులు ఒక రేకు డబ్బాలో దొరికాయి. ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ డబ్బాలో పెట్టి మూత బిగించాను.

నాకిప్పుడు యాభై నిండాయి. గుడివాడ ఫొటోలు చూస్తుంటే ఆ డబ్బాయే గుర్తొచ్చింది.

నా కెమెరా ఆ పెళ్ళికి మూడు రోజుల ముందే సర్వీసు నుంచి వచ్చింది. బందరు ఉప్పుగాలికి ఇనప గేట్లే తినేసినట్టు పోతాయి, కెమెరా ఎంత? ఏడేళ్ళు సేవ చేసి, ఒక రిసెప్షన్ మధ్యలో షట్టరు బిగుసుకుపోయింది. విజయవాడ తీసుకెళ్ళి సర్వీసు సెంటర్లో ఇచ్చాను. మూడు వారాల తర్వాత కొత్త షట్టరు వేసి, లోపలంతా శుభ్రం చేసి, "పరీక్షించాం, అంతా సవ్యంగా ఉంది" అని కాగితం జతచేసి పంపారు. కెమెరా మిలమిలా మెరుస్తూ వచ్చింది. అందుకే అనుమానం దాని మీదికి పోలేదు, నా మీదికే వచ్చింది. కుటుంబాన్ని నిలబెట్టి తీసిన ఫొటోలన్నీ శుభ్రంగానే ఉన్నాయి మరి. పెద్ద లెన్సు పెట్టి దగ్గరగా మొహం తీస్తే మాత్రం తేడా. ఆ లెన్సుతో తీసేటప్పుడు కన్ను తేటగా ఉంటే చెవి మసకబారుతుంది, అంత సున్నితం. ఫోకస్ కెమెరాయే కుదుర్చుకున్నా, దాని చుక్కని కంటి మీద నిలపాల్సింది నేనే. తప్పు ఎక్కడ జరిగినా ఆ లెన్సులోనే బయటపడుతుంది.

అయినా సర్వీసు సెంటరుకి ఫోన్ చేశాను. కౌంటర్లో అమ్మాయి ఎంతో మృదువుగా, "మేడమ్, మా దగ్గర టెస్టులో ఏమీ రాలేదండీ. ఒక్కోసారి వాడేవాళ్ళ చూపులో తేడా ఉన్నా అలాగే వస్తుందండీ" అంది. ఆ మాట స్పీకర్లో మా ఆయన చెవిన పడింది.

మా ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. "నేనేం అన్నాను? కళ్ళు చూపించుకోమని సంవత్సరం నుంచీ చెప్తున్నానా లేదా?" అన్నారు. పేపరు చదివేటప్పుడు నేను చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటున్నానట, చెయ్యి ఇంకా పొడుగు పెరిగితే తప్ప చదవలేనట.

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. దూరం చూపు బాగానే ఉందని, దగ్గరి చూపుకి అద్దాలు కావాలని రాస్తే చేయించుకున్నాను. ఆ కళ్ళజోడు పెట్టుకుని ఇంట్లో అడుగుపెడితే మా ఆయన మొహంలో వెలుగు చూడాలి. నేను ఆ జోడుని కెమెరా సంచీ అడుగున పడేశాను.

ఆ వారమే గూడూరులో ఓణీల ఫంక్షన్ తీశాను. ఊపిరి బిగబట్టి, మోచేతులు డొక్కలకి ఆనించి, నా చేతనైనంత జాగ్రత్తగా తీశాను. ఆ పిల్ల కళ్ళు మసక, చెవి లోలాకులు మాత్రం తళతళ. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను.

వీటన్నిటికంటే నన్ను తినేస్తున్నది ఇంకొకటి ఉంది. నెల క్రితం నాగాయలంక దగ్గరి ఊరి నుంచి ఒకావిడ స్టూడియోకి వచ్చింది. పడవలు ఒడ్డుకొచ్చేసరికి రేవులో నిలబడి చేపలు కొని, అవనిగడ్డకీ బందరుకీ మార్కెట్టుకి పంపుతుంది. గొంతు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. కూతురి పెళ్ళికి ఫొటోలు తియ్యమని అడగడానికి వచ్చి, ప్లాస్టిక్ కవర్లోంచి ఒక పాత ఫొటో తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నా పెళ్ళి ఫొటో అక్కా. మిగతావన్నీ వాననీళ్ళలో పోయినయ్, ఇదొక్కటే మిగిలింది. చూడు. ఎనకమాల పందిట్లో కొబ్బరాకులు ఎంత బాగా కనపడతన్నయ్యో. నా మొహం తప్ప అన్నీ కనపడతన్నయ్."

నిజమే. కొబ్బరాకు ఈనెలు కూడా తెలుస్తున్నాయి. ముందున్న పద్దెనిమిదేళ్ళ పిల్ల మొహం మాత్రం నీళ్ళలో నీడలా ఉంది. ఫొటో వెనక మా స్టూడియో ముద్ర. నాన్న చివరి ఏడాదిది.

"నా కూతురి మొహం మాత్రం తేటగా రావాలక్కా. అడ్డుతెర తియ్యగానే పిల్లోణ్ణి చూసుద్ది చూడు, ఆ మొహం. అదొక్కటి తీసిపెట్టు, మిగతాది ఎట్టా తీసినా నేనేం అడగను" అంది.

అది మా నాన్న తీసిందని ఆవిడకి తెలుసో లేదో నేను అడగలేదు. "తీస్తానమ్మా" అన్నాను. మాటిచ్చేటప్పుడు నా కెమెరా సర్వీసులో ఉంది.

ఇప్పుడు పెళ్ళి ఇరవై రోజుల్లోకి వచ్చింది, నా చేతిలో మొహాలు రావడం లేదు. మా వీధి చివర ఇంకో స్టూడియో ఉంది. అతను నన్ను అక్కా అంటాడు, మంచి పనిమంతుడు, కొత్త రకం కెమెరాలన్నీ కొన్నాడు. "ఇంకా ఈ లోపల అద్దం ఉండే పాత కెమెరా ఏంటక్కా? పోనీ ఎనక స్క్రీన్ మీద చూసి తియ్యరాదూ?" అన్నాడు. నా పాత కెమెరాలో వెనక తెర మీద చూసి తీస్తే అది ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ కూర్చుంటుంది. అడ్డుతెర దిగే క్షణం దాని కోసం ఆగుతుందా? ఆ మాట అతనికి చెప్పలేదు. నాగాయలంక పెళ్ళి తీస్తావా అని అడుగుదామని వెళ్ళినదాన్ని, టీ తాగి, వాళ్ళ పిల్లల చదువు గురించి మాట్లాడి వచ్చేశాను. రేపు అడుగుదాం అనుకున్నాను.

ఆ రేపు నాకు పెడనలో పని ఉంది. ఒక కలంకారీ అద్దకం షెడ్డు వాళ్ళు చీరల ఫొటోలు కావాలన్నారు. అక్కడ బల్లల దగ్గర పనిచేసేవాళ్ళలో ఒక పెద్దావిడ ఉంది, అరవై దాటి ఉంటాయి. నేను పిన్నిగారూ అంటాను, ఆవిడ నన్ను అమ్మాయ్ అంటుంది. సీసా అడుగంత మందం కళ్ళజోడు. ఆ జోడుతోనే చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, చేత్తో ఒక్క చరుపు చరిచి, పక్కకి జరిపి మళ్ళీ పెడుతుంది. ముందు నల్లగీత అచ్చు, అది ఆరాక గీత లోపల ఎరుపు అచ్చు. ఎరుపు గీత దాటకూడదు. కొలబద్దా లేదు, గుర్తులూ లేవు, అంతా కంటి లెక్క.

బల్ల మీద పరిచిన గుడ్డని ఏటవాలుగా, దగ్గరగా తీస్తున్నాను. వరుసలు వరుసలుగా చిన్న చిన్న పూలు. మధ్య వరుసలో పువ్వు మీద ఫోకస్ పెట్టి తీసి, కెమెరా వెనక తెర మీద పెద్దది చేసి చూశాను. మళ్ళీ అదే. "నా కళ్ళు పోయినయ్ పిన్నిగారూ" అన్నాను. ఎవరికీ చెప్పని మాట ఆవిడ దగ్గర ఎందుకు జారిందో తెలియదు. బహుశా ఆ కళ్ళజోడు మందం చూసి కావచ్చు.

"ఏదీ, చూడనీ" అని ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చింది. "నువ్వు ఏ పువ్వు మీద పెట్టావ్?"

చూపించాను.

"మరి తేటగా వచ్చింది దాని ఎనక వరుస కదే అమ్మాయ్. ఇంకోటి తియ్యి."

ఇంకోటి తీశాను. మళ్ళీ వెనక వరుస. ఇంకోటి. మళ్ళీ వెనక వరుసే. ఆవిడ నా చేత ఎనిమిది ఫొటోలు తీయించింది. ఒక్కటి కూడా ముందు వరుసకి రాలేదు. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నా మొహంలోకి చూసింది.

"చెయ్యి తప్పు, కన్ను తప్పు అయితే ఒకసారి ఇటు పోయిద్ది, ఒకసారి అటు పోయిద్ది. నేను జరం వచ్చినప్పుడు అద్దితే ఎరుపు అన్ని పక్కలకీ పోయిద్ది. ఎప్పుడూ ఒకే పక్కకి, ఒకే కొలతన తప్పుతుంటే అది మనిషి తప్పు కాదు. అచ్చు తప్పు. చెక్క వంగినా, చెక్కినోడు తప్పు చెక్కినా అట్టాగే అయిద్ది. మేమైతే అచ్చు మారుస్తాం. నువ్వు నీ కళ్ళని తిట్టుకుంటున్నావేంటి?"

నేను అక్కడే ఒక స్టూలు మీద కూలబడ్డాను. మూడు వారాలుగా నేనూ, మా ఆయనా, డాక్టరూ, ఫోన్లో అమ్మాయీ కలిసి తేల్చలేనిది ఈవిడ ఎనిమిది ఫొటోల్లో తేల్చేసింది. ఏడుపొచ్చింది. వెంటనే, పోయిందనుకున్న కోపం కూడా వచ్చింది. అబ్బ, ఆ కోపం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అద్దకం తప్పుపడిన ముక్క ఒకటి, గజంన్నర ఉంటుంది, పిన్నిగారు మడిచి నా సంచీలో పెట్టింది. "నల్లగీత వరకూ వరసలు సరిగ్గానే ఉన్నయ్. నీ పరీక్షకి పనికొచ్చిద్ది" అంది.

ఇంటికి రాగానే గుడ్డని డాబా మీద తీగకి కట్టాను. బందరు గాలి సంగతి ఆవేశంలో మర్చిపోయాను. గుడ్డ ఎగిరి నా మొహానికి చుట్టుకుంది, రెండోసారి పక్కింటి డాబా మీద పడింది. కిందికి తెచ్చి భోజనాల బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు పచ్చడి జాడీలు పెట్టాను. మధ్య వరుసలో ఒక పువ్వు మీద ఎర్ర స్టిక్కర్ బొట్టు అంటించాను. కెమెరాని స్టాండుకి బిగించి, మా ఆయన్ని పిలిచి చేతికి కాగితం, పెన్నూ ఇచ్చాను.

"నేను తీస్తాను. ఏ వరుస తేటగా వచ్చిందో మీరు చూసి రాయండి. నేను చూడను. నా కళ్ళు బాగాలేవు కదా" అన్నాను.

కన్ను పెట్టి చూసే కిటికీలోంచి, బొట్టు మీద ఫోకస్ పెట్టి ఇరవై ఫొటోలు తీశాను. తర్వాత అదే బొట్టుని కెమెరా వెనక తెర మీద చూస్తూ ఇరవై తీశాను. ఈయన కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటే పెద్దది చేస్తూ రాసుకున్నారు. మొదట నవ్వుతూ మొదలుపెట్టారు. పది దాటాక నవ్వు ఆగింది. చివరికి పెన్ను కింద పెట్టారు.

"కన్ను పెట్టి తీసినవి ఇరవైకి ఇరవై ఒక వరుస వెనక్కి. తెర మీద చూసి తీసినవి ఇరవైకి ఇరవై బొట్టు మీదే. ఇది నీ కన్ను కాదోయ్" అన్నారు.

"ఏంటీ? వినపడలా."

"నీ కన్ను కాదు. కెమెరాయే."

"చెవులు కూడా పోయినట్టున్నాయి. ఇంకోసారి చెప్పండి."

మూడోసారి కూడా చెప్పించుకున్నాను. ఆ తర్వాతే వంటింట్లోకి వెళ్ళాను.

కెమెరాలో ఇలాంటి తేడాని కొంత మనమే సర్దుకునే వీలు ఉంటుంది, ఒక అంకె ముందుకో వెనక్కో తిప్పాలి. చివరి అంకె దాకా తిప్పాను. తేడా సగం తగ్గింది, పోలేదు. అంకెని మళ్ళీ సున్నాకి తెచ్చేశాను. ఇక విజయవాడ వెళ్ళక తప్పదు. బస్సులో కూర్చుని దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబెట్టుకున్నాను. అంత పదునుగా నేనెప్పుడూ తయారు కాలేదు.

కౌంటర్లో అమ్మాయి, అదే మృదువైన గొంతు, కాగితం తిరగేసి "టెస్ట్ చేసే పంపాం మేడమ్, రిపోర్టులో ఉందండీ" అంది. నేను సంచీలోంచి గుడ్డ తీసి కౌంటరు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పరిచేశాను. కూర్చుని ఉన్నవాళ్ళంతా లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకాయన చీరలు అమ్మడానికి వచ్చాననుకుని రేటు అడిగాడు.

"మీ టెక్నీషియన్‌ని పిలువమ్మా. నేను ఇక్కడే తీసి చూపిస్తాను" అన్నాను.

లోపలి నుంచి నలభై అయిదేళ్ళ మనిషి వచ్చాడు. నుదుటి మీద భూతద్దం, చేతిలో సన్నటి స్క్రూడ్రైవరు. బొట్టు మీద ఫోకస్ పెట్టి అయిదు తీశాను. ఆయన వంగి చూశాడు.

"మీరు పరీక్ష ఎలా చేశారండీ?" అని అడిగాను.

"కంప్యూటర్‌కి కలిపి, స్క్రీన్ మీద చూసి చేస్తామండీ."

"కన్ను పెట్టి తీసి చూశారా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. "లేదండీ" అన్నాడు. కెమెరా నా చేతిలోంచి తీసుకుని తన కన్ను పెట్టి, బొట్టు మీద ఫోకస్ చేసి మూడు తీశాడు. పెద్దది చేసి చూశాడు. మళ్ళీ రెండు తీశాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"మీరు చెప్పింది కరెక్టే మేడమ్. తప్పు మాదే" అన్నాడు.

అంతే. నేను బస్సులో కూడబెట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఒప్పుకున్న మనిషిని ఏం తిడతాం?

ఆయన నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు. కన్ను పెట్టి చూసినప్పుడు లోపల ఒక చిన్న అద్దం వెలుతురుని ఫోకస్ చూసే చోటికి పంపుతుంది. షట్టరు మార్చడానికి ఆ అద్దం ఉన్న భాగమంతా విప్పారు. తిరిగి బిగించేటప్పుడు అద్దం వెంట్రుకవాసి వాలింది. తెర మీద చూసి తీసేటప్పుడు ఆ అద్దం పక్కకి తప్పుకుంటుంది, అందుకే వాళ్ళ పరీక్షలో తప్పు దొరకలేదు. నేను మాత్రం పాతికేళ్ళ నుంచీ కన్ను పెట్టి తీసే మనిషిని.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆయన అద్దం సరిచేసి తెచ్చాడు. "ఇక్కడే, ఈ గుడ్డ మీదే, నా ముందే" అన్నాను. బొట్టు మీద ఇరవై తీశాను. తర్వాత సంచీ అడుగున పడేసిన కళ్ళజోడు తీసి, తుడిచి పెట్టుకుని, ఇరవై ఫొటోలూ నేనే చూశాను. బొట్టు అంచున నేత పోగులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఇరవైకి ఇరవై. దగ్గరి చూపుకి జోడు కావాలన్న మా ఆయన మాట నిజమేనని కూడా అప్పుడే ఒప్పుకున్నాను, మనసులో.

వెళ్ళబోతుంటే టెక్నీషియన్ గుమ్మం దాకా వచ్చాడు. "మేడమ్, ఏమనుకోకపోతే ఆ గుడ్డ ఇక్కడ ఉంచుతారా? ఇక మీదట కన్ను పెట్టి కూడా చూసి పంపుతాం" అన్నాడు. నూలుగుడ్డ, మధ్యలో చిన్న గాటు పెడితే నిలువునా చిరిగింది. సగం ఆయనకిచ్చి, బొట్టు ఉన్న సగం నేను తెచ్చుకున్నాను. బస్సెక్కి పిన్నిగారికి ఫోన్ చేశాను. "అచ్చు మార్చావా?" అంది ఫోనెత్తగానే.

పెళ్ళి పగటి ముహూర్తం. పులిగడ్డ వంతెన దాటుతుంటే కొంచెం భయం వేసింది, లేదనను. గుడ్డ మీద పువ్వు కదలదు, పెళ్ళికూతురు కదులుతుంది. ఊళ్ళోకి చేరగానే పందిట్లో వంటవాళ్ళని కేకలేస్తున్న ఆవిడ గొంతు వినపడింది. నన్ను చూసి, "వచ్చావా అక్కా, ఫలహారం చేసి కెమెరా పట్టుకో" అని మళ్ళీ కేకల్లో పడిపోయింది.

ముహూర్తం దగ్గరపడేసరికి పీటల చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం, అందరి చేతుల్లో ఫోన్లు. "జరగండమ్మా, కొంచెం జరగండి" అని మోచేత్తో దారి చేసుకుని పెళ్ళికొడుకు భుజం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. అడ్డుతెర అవతల ఆ పిల్ల. పంతులుగారి మంత్రం పెరిగింది, బాజాలు హోరెత్తాయి, తెర కింది నుంచి చేతులు వచ్చి ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. నేను కన్ను కిటికీకి ఆనించాను. ఊపిరి బిగబట్టలేదు. మామూలుగానే పీల్చుకున్నాను.

తెర దిగింది. ఆ పిల్ల తలొంచుకుని ఉంది. ఒక్క క్షణం అలాగే ఉండి, కళ్ళు పైకెత్తింది. పెళ్ళికొడుకుని చూసి నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. నా వేలు నొక్కుతూనే ఉంది. ఆరు ఫొటోలు పడ్డాయి.

పక్కకి జరిగి, అందరి ముందే కళ్ళజోడు పెట్టుకుని చూశాను. కనురెప్ప మీద వెంట్రుక వెంట్రుకా ఉంది. తల మీది బెల్లం చెమ్మ ఒక బొట్టు నుదుటి దాకా జారుతూ ఉంది. కళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, వాటిలో తెల్లబట్టల పెళ్ళికొడుకు ఆవగింజంత కనపడుతున్నాడు. నేను గట్టిగా నవ్వేశాను. పంతులుగారు మంత్రం మధ్యలో నా వైపు చూశారు. చూడనీ.

భోజనాలు సాగుతుండగా ఆవిడ వచ్చింది. చెమటతో తడిసిన పట్టుచీర, బొంగురుపోయిన గొంతు. కెమెరా తెర చూపించాను. కూతురి మొహాన్ని చాలాసేపు చూసింది. "నా తల్లే" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు.

"నీ పెళ్ళి ఫొటో తీసింది మా నాన్నే అమ్మా. అప్పటికే ఆయనకి చూపు తగ్గింది. ఎవరికీ చెప్పలేదు" అన్నాను.

"తెలుసక్కా" అంది ఆవిడ. "ఆ రోజు పందిట్లో గుంజ కనపడక గుద్దుకున్నారు. మా నాన్నే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. ఫొటోలు అట్టా వచ్చినా ఆయన్ని ఏమీ అనొద్దన్నాడు. పెద్దమనిషి, పాపం, చెప్పుకోలేకపోతున్నాడన్నాడు."

ఇన్నేళ్ళూ నేను రేకు డబ్బాలో మూత బిగించి దాచిన సంగతి వీళ్ళ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ మళ్ళీ మా స్టూడియోకే వచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, పందిరి అంచున కొబ్బరాకుల ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

"ఇప్పుడెందుకక్కా, చెమట పట్టి, జుట్టు రేగి..."

"నోరు మూసుకుని కూర్చో" అన్నాను. చెప్పానుగా, కోపం ముక్కు మీదుంటుందని.

కన్ను పెట్టి, ఆవిడ కంటి మీద ఫోకస్ పెట్టి తీశాను. ఒక్కటే తీశాను, రెండోది అవసరం లేదని తెలుసు. తెర మీద పెద్దది చేసి చేతికిచ్చాను. వెనక కొబ్బరాకులన్నీ పచ్చటి మసక. ముందు ఆవిడ, నుదుటి మీద చెమట బిందువులతో సహా.

ఆవిడ తెరని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. తర్వాత బంతిలో వడ్డిస్తున్న మొగుణ్ణి, అంత బొంగురు గొంతుతోనూ పందిరంతా వినపడేలా కేకేసింది.

"ఇదిగో, ఆ గరిటె అక్కడ పెట్టి ఇటు రావయ్యా! నా పెళ్ళినాటి మొహం దొరికింది!"